ఎడమ చేత విల్లు, రొమ్ము మీద పిస్టల్

విల్లంబులతో వేటకు వెళ్లేవాళ్లు వెంట ఒక చేతి తుపాకీ కూడా కట్టుకెళ్లడం అమెరికా పడమటి కొండ రాష్ట్రాల్లో మామూలు సంగతి. మోంటానా, వయోమింగ్, ఐడహో, వాటికి చాలా ఎగువన అలాస్కా: ఇవన్నీ గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే నేలలు. ఆ తుపాకీ వేట జంతువును కొట్టడానికి పెట్టుకున్నది కాదు. దుప్పి కోసం పొంచి ఉన్న మనిషి మీదికి ఇంకేదైనా వచ్చి పడితే అక్కరకొస్తుందని. ఏ తుపాకీ, ఎంత పెద్దది, ఎలాంటి తూటా, ఒంటి మీద ఎక్కడ కట్టుకోవాలి అనే నాలుగు ప్రశ్నల మీద అక్కడి వేటగాళ్లు ఏళ్ల తరబడి వాదించుకుంటూనే ఉన్నారు. వాదనంతా మొదటి రెండింటి చుట్టూనే తిరుగుతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎక్కువసార్లు తేల్చేది మాత్రం ఆ చివరి ప్రశ్నే.

రైఫిల్ ఉన్నవాడు రెండు మూడు వందల మీటర్ల దూరం నుంచి కొట్టగలడు. బాణం వేసేవాడు ముప్పై నలభై మీటర్ల లోపలికి చేరాలి. అంత దగ్గరికి చేరాలంటే గాలికి ఎదురు నడవాలి, ఒంటి వాసన బయటపడకూడదు, ఆకుల రంగు బట్టలు వేసుకోవాలి, ఎండుపుల్ల విరగకుండా అడుగు వెయ్యాలి. సెప్టెంబరు ఎల్క్‌లకు ఎద కాలం. ఎల్క్ అంటే మన కణితి కన్నా పెద్ద దుప్పి. మగది 300 కిలోలు దాటుతుంది. అది ఈల వేసినట్టు కూస్తుంటే వేటగాడు అంగిట్లో పెట్టుకున్న చిన్న రబ్బరు బిళ్లతో ఆడ ఎల్క్‌లాగా బదులిచ్చి దాన్ని రప్పిస్తాడు. తెల్లవారుజామునా, పొద్దువాలే వేళా ఈ పని బాగా సాగుతుంది. ఎలుగులున్న అడవిలో నడిచేవాళ్లకు అక్కడి అటవీ సిబ్బంది చెప్పే జాగ్రత్తలు చూస్తే, గట్టిగా మాట్లాడుతూ నడవండి, గుంపుగా వెళ్లండి, మసక వెలుతురులో తిరగకండి అని ఉంటాయి. ఉద్దానంలో జీడితోటకు వెళ్లే శ్రీకాకుళం రైతుకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. ఎలుగు భయం ఉన్నచోట నలుగురు కలిసి, కేకలేసుకుంటూ కదలడమే క్షేమం. బాణం వేటగాడు వీటన్నిటికీ సరిగ్గా తలకిందులుగా నడుచుకుంటాడు. పైగా జంతువులా కూసి మరీ పిలుస్తాడు. ఆ పిలుపు విని వచ్చేది ఎల్కే అయి ఉండాలని రూలేమీ లేదు.

దీనికి తోడు అది ఎలుగులు చలికాలపు నిద్రకు ముందు కొవ్వు పట్టించుకునే సమయం. ఆ రోజుల్లో పెద్ద గ్రిజ్లీ రోజుకు 20,000 కేలరీల దాకా తింటుంది. చచ్చిన ఎల్క్, దాని పేగుల కుప్ప దానికి పెళ్లిభోజనం లాంటివి. బాణానికి ఉన్న ఇంకో స్వభావం ఇక్కడే ఇబ్బంది తెచ్చిపెడుతుంది. తూటాలాగా అది దెబ్బ తాకిడితో పడగొట్టదు; లోపల కోసి, నెత్తురు కార్చి చంపుతుంది. తగిలిన ఎల్క్ వంద మీటర్లో, అంతకు మించో పరుగెత్తి ఎక్కడో పొదల్లో పడుతుంది. వెంటనే వెంటబడితే ఇంకా దూరం పోతుందని వేటగాడు అరగంట, ఒక్కోసారి కొన్ని గంటలు ఆగుతాడు. ఆ తర్వాత నెత్తుటి చుక్కల జాడ పట్టుకుని, తల వంచుకుని, టార్చి వెలుగులో చిట్టడవిలోకి దూరతాడు. సాయంత్రం కొట్టినదైతే రాత్రికి వదిలేసి మర్నాడు పొద్దున వెతికేవాళ్లూ ఉన్నారు. ఆ లోపు ఇంకెవరైనా ముందే చేరి ఉండొచ్చు.

2018 సెప్టెంబరు 14న వయోమింగ్‌లోని టీటాన్ అడవిలో ఇదే జరిగింది. ముందురోజు బాణంతో కొట్టిన ఎల్క్‌ను వెతుక్కుంటూ ఒక గైడు, అతని వెంట వచ్చిన వేటగాడు వెళ్లారు. ఎల్క్ దొరికింది. గైడు కూర్చుని కోత పని మొదలుపెట్టాడు. వీపు సంచులు, పిస్టల్ కొద్ది దూరంలో నేల మీద ఉన్నాయి. తల్లి గ్రిజ్లీ, దాని వెంట ఎదిగిన పిల్ల వచ్చాయి. తల్లి నేరుగా గైడు మీద పడింది. వేటగాడు పరుగున వెళ్లి పిస్టల్ అందుకున్నాడు కాని, మనిషీ ఎలుగూ కలగలిసిపోయి ఉన్న చోట కాల్చలేకపోయాడు. ఎలుగు తన వైపు తిరిగేసరికి పిస్టల్‌ను గైడు వైపు విసిరాడు. అది అతని దాకా చేరలేదు. వేటగాడు గాయాలతో బయటపడ్డాడు. గైడు తన దగ్గరున్న బేర్ స్ప్రే, అంటే ఎలుగుల మీద చిమ్మే ఘాటు డబ్బా, కొట్టాడని తర్వాత తేలింది. అయినా ప్రాణం దక్కలేదు. అక్కడున్నది ఎలుగుల కోసమే చాలామంది ఎంచుకునే 10 ఎం.ఎం. గ్లాక్ పిస్టల్. దాని శక్తిలో లోటేమీ లేదు, అది ఉన్న చోటులోనే తేడా.

బాణం వెనక తుపాకీ ఉండడం కొత్త పద్ధతేమీ కాదు. అమెరికాలో ఈ కాలపు విల్లు వేటకు ఆద్యులుగా చెప్పుకునే డాక్టర్ సాక్స్‌టన్ పోప్, ఆర్థర్ యంగ్ 1920లో కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ మ్యూజియం కోసం ప్రత్యేక అనుమతి మీద యెల్లోస్టోన్ వెళ్లి గ్రిజ్లీలను బాణాలతో కొట్టారు. పోప్‌కు విలువిద్య నేర్పినవాడు యాహి తెగలో చివరివాడుగా పేరుపడ్డ ఇషి. అంత గురువు దగ్గర నేర్చుకున్నా, యెల్లోస్టోన్‌లో వాళ్ల వెంట రైఫిల్ పట్టుకున్న గైడు ఉన్నాడు. తర్వాతి తరంలో అలాస్కా ఎలుగుల వేటతో పేరు తెచ్చుకున్న ఫ్రెడ్ బేర్‌కూ అండగా రైఫిల్ ఉండేది. ఇప్పటి వేటగాడు చాలాసార్లు ఒంటరిగానో, తనలాగే విల్లు పట్టుకున్న స్నేహితుడితోనో వెళ్తాడు. గైడు రైఫిల్ చేసే పని పిస్టల్‌కు అప్పగించాల్సి వచ్చింది అందుకే. పిస్టల్ ఆ పనికి సరితూగదు. .30-06 లాంటి మామూలు వేట రైఫిల్ తూటా గొట్టం దాటేటప్పుడు 3,800 జౌళ్లకు పైగా శక్తితో వెళ్తుంది. పోలీసులు వాడే 9 ఎం.ఎం. పిస్టల్‌ది సుమారు 500 జౌళ్లు. ఈ రెంటి మధ్య ఎక్కడో రాజీపడడమే చేతి తుపాకీ ఎంపిక.

ముందు ఏ జంతువు అన్నది తేలాలి. తోడేళ్లు మనిషి మీదికి రావడం అమెరికాలో చాలా అరుదు; వాటి కోసం ప్రత్యేకంగా తుపాకీ కొనాల్సిన పని లేదు. కూగర్ అనే కొండ పులి 50, 70 కిలోల మధ్య ఉండే సన్నటి జంతువు. వెనక నుంచి, చప్పుడు లేకుండా వస్తుంది. ఆడ ఎల్క్ కూత విని పొంచి వచ్చిన కూగర్‌ను చివరి నిమిషంలో చూసినవాళ్లు ఉన్నారు. దానికి 9 ఎం.ఎం. అయినా సరిపోతుంది, చూడగలిగితే. నల్ల ఎలుగు మామూలుగా పిరికిదే. కాని అరుదుగా ఒకటి మనిషిని తిండిగా చూసి నెమ్మదిగా వెంబడిస్తుంది. అలాంటిదానికి లొంగకూడదు, పోరాడాల్సిందే. దానికి .357 మాగ్నమ్ రివాల్వర్ చాలు. గ్రిజ్లీ వేరే లెక్క. కొండ ప్రాంతపు మగది 200 కిలోల నుంచి 300 కిలోల దాకా, అలాస్కా తీరంలో సాల్మన్ చేప తిని పెరిగేది 500 కిలోలు దాటీ ఉంటుంది. ఇది సాధారణంగా తినడానికి కాక తన పిల్లనో తన ఎరనో కాపాడుకోవడానికి వస్తుంది. గంటకు 55 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. అంటే సెకనుకు 15 మీటర్లు. పొద మాటునుంచి 30 మీటర్ల దూరంలో లేచిందంటే మనిషికి మిగిలేది రెండు సెకన్లు. అందులో అర సెకను అదేమిటో గుర్తుపట్టడానికే పోతుంది.

ఈ రెండు సెకన్లలో తుపాకీ మేలా, బేర్ స్ప్రే మేలా అన్నది అక్కడ మతవాదం లాంటిది. స్ప్రేలో ఉండేది మిరప ఘాటు; గుంటూరు మిర్చి యార్డులో కళ్లు మండించే కాప్సైసినే, ఇంకా చిక్కగా. డబ్బా నొక్కితే 7 నుంచి 10 మీటర్ల దాకా ఎర్రటి మేఘంలా చిమ్ముతుంది, మొత్తం ఏడెనిమిది సెకన్లలో ఖాళీ అవుతుంది. అలాస్కా సంఘటనల మీద టామ్ స్మిత్, స్టీఫెన్ హెరేరో బృందం రెండు అధ్యయనాలు చేసింది. 2008లో వచ్చినదాని ప్రకారం గ్రిజ్లీ జాతి ఎలుగుల విషయంలో స్ప్రే 92 శాతం సార్లు పనిచేసింది. స్ప్రే వాడిన సందర్భాల్లో ఉన్న మనుషుల్లో 98 శాతం మందికి గాయం కాలేదు. 2012లో తుపాకుల మీద వచ్చినదానిలో 269 సంఘటనలు చూశారు. చేతి తుపాకులు 84 శాతం, పొడవు తుపాకులు 76 శాతం పనిచేశాయి. తుపాకీ ఉండి కాల్చినవాళ్లకూ, ఉండి కాల్చనివాళ్లకూ గాయాలపాలు కావడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని కూడా ఆ అధ్యయనం అంది.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి స్ప్రేయే గెలిచిందని చాలామంది రాస్తుంటారు. అది సరైన పోలిక కాదు. స్ప్రే లెక్కలో చెత్తబుట్ట దగ్గరికో, గుడారం దగ్గరికో కుతూహలంగా వచ్చిన ఎలుగుల సంఘటనలు చాలానే ఉన్నాయి. తుపాకీ లెక్కలోకి ఎక్కువగా వచ్చినవి మీద పడిన ఎలుగులు. ఒకటి మాత్రం నిజం. స్ప్రేకు గురి అక్కర్లేదు. భయంతో వణికే చెయ్యి కూడా ఒక మేఘాన్ని తన ముందు పరచగలదు. ఎదురుగాలి, వాన, గడ్డకట్టే చలి దానికి శత్రువులు. బాణం వేటగాడు నడిచేదే ఎదురుగాలికి కాబట్టి ఈ లోటు అతనికి ఇంకాస్త ఎక్కువ. గ్రాండ్ టీటాన్ జాతీయ పార్కులో ఎల్క్‌ల సంఖ్య తగ్గించడానికి అనుమతించే వేటలో పాల్గొనేవాళ్లకు స్ప్రే తప్పనిసరి చేశారు. అనుభవజ్ఞులు రెండూ పెట్టుకుంటారు: ఎడమ వైపు స్ప్రే, కుడి వైపు తుపాకీ. ఇద్దరు కలిసి వెళ్తే ఒకరు కోత పనిలో ఉన్నప్పుడు రెండోవాడు స్ప్రే చేతపట్టుకుని కాపలా నిలబడతాడు. అంతకు మించిన జాగ్రత్త ఇంకోటి ఎవరూ కనిపెట్టలేదు.

ఇక తుపాకీ. చాలాకాలం ఎలుగుల నేల మీద పేరు .44 మాగ్నమ్ రివాల్వర్‌దే. ఐడహోలో పశువులు కాసుకుంటూ తుపాకుల గురించి రాసిన ఎల్మర్ కీత్ పట్టుబట్టి ఒత్తిడి తేగా, స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ కలిసి 1955 చివర్లో దీన్ని తెచ్చాయి. 1971లో క్లింట్ ఈస్ట్‌వుడ్ ‘డర్టీ హ్యారీ’ సినిమాతో పట్నవాసులకూ తెలిసింది. భారీ తూటాతో దీని శక్తి 1,200 నుంచి 1,600 జౌళ్లు. దాని పైన .454 కసూల్, దీని రివాల్వర్‌ను వయోమింగ్‌లోని ఫ్రీడమ్ ఆర్మ్స్ 1983లో బజారులోకి తెచ్చింది. శక్తి 2,500 జౌళ్ల దాకా. ఆపైన 2003లో వచ్చిన .500 స్మిత్ అండ్ వెసన్ మాగ్నమ్. 3,400 జౌళ్లు, అంటే రైఫిల్‌కు దగ్గర. దీని పొడవు గొట్టం రకం రెండు కిలోలుంటుంది. కాగితం మీద ఇంతకు మించినది లేదు. కాని ఒక గుండు పేల్చాక గొట్టం ఆకాశం చూస్తుంది. మళ్లీ కిందికి దించి గురి పట్టేలోపు ఎలుగు వచ్చేసి ఉంటుంది. కొన్న వాళ్లలో చాలామంది ఒక పెట్టె తూటాలు కాల్చి, మణికట్టు పట్టుకుని, మళ్లీ దాని జోలికి పోరు. సాధన చెయ్యని తుపాకీ ఎంత శక్తి గలదైతేనేం.

తేలిక తుపాకీ అయినా చిక్కే. టైటానియం, స్కాండియం కలిపి చేసిన .44 మాగ్నమ్ రివాల్వర్ ఒకటుంది, బరువు 710 గ్రాములు. కొండెక్కేటప్పుడు ఉందో లేదో తెలియదు. కాల్చినప్పుడు మాత్రం అరచేతిలో సుత్తితో కొట్టినట్టుంటుంది. అదే తూటాకు ఉక్కు రివాల్వర్ 1.2 కిలోలు తూగుతుంది. ఆ అరకిలో తేడాయే వెనక్కి తన్నే దెబ్బను మింగుతుంది. ఎక్కువమంది చివరికి వచ్చి ఆగేది నాలుగంగుళాల గొట్టం ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు .44 దగ్గరే. మరీ పొట్టి గొట్టం పెడితే తూటా వేగం తగ్గుతుంది, మంటా చప్పుడూ పెరుగుతాయి; ఆ క్షణంలో చెవులకు రక్షణ పెట్టుకునే తీరిక ఉండదు కదా.

గత పదిహేనేళ్లలో ఈ సింహాసనానికి పోటీ వచ్చింది 10 ఎం.ఎం. ఆటో పిస్టల్. 1983లో పుట్టిన ఈ తూటాను అమెరికా ఎఫ్.బి.ఐ. కొన్నాళ్లు వాడి, మోటుగా ఉందని వదిలేసింది. అలా మరుగున పడ్డదాన్ని నిలబెట్టినవాళ్లలో అడవి మనుషులే ఎక్కువ. డెన్మార్క్ సైన్యంలో కుక్కలబండ్ల మీద గ్రీన్‌లాండ్ తీరం కాసే సిరియస్ గస్తీదళం ధ్రువపు ఎలుగుల భయానికి గ్లాక్ 20 అనే 10 ఎం.ఎం. పిస్టల్‌నే కట్టుకుంటుంది, 9 ఎం.ఎం. చాలదని తేలాక మార్చుకున్నారు. దీని శక్తి 850, 950 జౌళ్ల మధ్య. .44తో పోలిస్తే తక్కువే. కాని నిండా 15 తూటాలతో మొత్తం బరువు 1.1 కిలోలే. వెనక్కి తన్నడం తక్కువ కాబట్టి రెండో గుండు, మూడో గుండు గురి చెడకుండా పడతాయి. రివాల్వర్‌లో ఉండేవి ఐదో ఆరో. పరుగెత్తుకొచ్చే ఎలుగు ఎదుట మళ్లీ నింపుకునే మాట కల్ల.

రివాల్వర్ పక్షం వాళ్లు చెప్పేది కూడా తీసిపారేసేది కాదు. ఒక తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే చాలు, తర్వాతి గది దానంతటదే వస్తుంది. ఎలుగు మీద పడి, తుపాకీ దాని బొచ్చులో కూరుకుపోయి ఉన్నా పేలుతుంది. ఆటో పిస్టల్ అలా కాదు. గొట్టం మూతిని దేనికైనా గట్టిగా ఆనిస్తే పైనున్న స్లైడు కొద్ది మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది. అంతే, ఇక పేలదు. మణికట్టు వదులుగా పట్టినా తర్వాతి తూటా ఇరుక్కుంటుంది. చలికి మొద్దుబారిన చేతులకు, అప్పుడప్పుడూ మాత్రమే కాల్చేవాళ్లకు రివాల్వరే నయం. నెలకు రెండుసార్లైనా సాధన చేసేవాళ్లకు 10 ఎం.ఎం. మేలు. ఆటో పిస్టల్ అయితే ఛాంబర్‌లో తూటా పెట్టుకునే తిరగాలి. ఖాళీగా ఉంచితే స్లైడు లాగడానికి రెండు చేతులూ కావాలి. అప్పటికి ఒక చెయ్యి ఎలుగు నోట్లో ఉండొచ్చు. అలా తూటా పెట్టుకుని తిరిగేవాడికి ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి ఒర తప్పనిసరి.

తుపాకీ కొనేటప్పుడు పది దుకాణాలు తిరిగేవాళ్లు తూటా దగ్గరికి వచ్చేసరికి ఏది దొరికితే అది కొంటారు. నిజానికి ఇక్కడే జాగ్రత్త ఎక్కువ కావాలి. ఇంటి రక్షణకు, పోలీసు పనికి వాడే తూటా మొన దగ్గర గుంట ఉంటుంది. ఒంట్లోకి దిగగానే పువ్వులా విచ్చుకుని అక్కడే ఆగిపోతుంది. అవతల ఉన్న మనిషికి తగలకూడదని అలా చేశారు. గ్రిజ్లీకి అది పనికిరాదు. దట్టమైన బొచ్చు, ఆ కింద శరదృతువులో అంగుళాల మందాన కొవ్వు, దాని కింద నేల తవ్వి తవ్వి ముద్దగట్టిన భుజం కండ. విచ్చుకున్న తూటా వీటిలోనే ఆగిపోతుంది. అందుకే ఎలుగుల కోసం వాడేది గట్టి సీసపు పోత తూటా. సీసంలో తగరం, ఆంటిమొనీ కలిపి గట్టిపరుస్తారు. మొన సూదిగా కాక నాణెంలా చదునుగా ఉంటుంది. అది విచ్చుకోదు, పక్కకు తిరగదు, ఎముక తగిలినా సూటిగా లోపలికి పోతుంది. 10 ఎం.ఎం.లో 13, 14 గ్రాములవి, .44లో 16 నుంచి 20 గ్రాములవి దొరుకుతాయి. 2016లో అలాస్కాలో చేపల వేటకు వచ్చినవాళ్ల వెంట వెళ్లిన ఒక అనుభవజ్ఞుడైన గైడు, మీద పడబోయిన గోధుమ ఎలుగును 9 ఎం.ఎం. పిస్టల్‌తో చంపాడు. చిన్న తుపాకీ చాలునని దాన్ని ఉదాహరణగా చూపేవాళ్లు అతను వాడింది ఇలాంటి గట్టి తూటాలేనన్న సంగతి చెప్పడం మరిచిపోతారు. దశాబ్దాల తరబడి ఎలుగుల మధ్య బతికిన చెయ్యి అది అన్నది కూడా.

గట్టి సీసపు తూటాలతో చిన్న చిక్కొకటుంది. కొన్ని పిస్టళ్ల గొట్టం లోపలి గాడులు వాటికి సరిపడవు, సీసం పేరుకుంటుంది. కొన్నిట్లో చదును మొన ఛాంబర్‌లోకి ఎక్కేటప్పుడు తట్టుకుంటుంది. అడవికి ముందే, అదే తుపాకీలో, అదే తూటాలు యాభై దాకా కాల్చి చూసుకోవాలి.

ఎంత మంచి తూటా అయినా చేతి తుపాకీ ఎలుగును నిలబెట్టి పడగొట్టాలంటే మెదడుకో వెన్నుకో తగలాలి. గుండె చీలినా గ్రిజ్లీ మరికొన్ని సెకన్లు పరుగెత్తగలదు. ఆ సెకన్లలో మనిషికి జరగాల్సింది జరిగిపోతుంది. వచ్చే ఎలుగు తల కిందికి వంచి, ప్రతి అంగకూ పైకీ కిందికీ ఊపుతూ వస్తుంది. దాని కపాలం నుదురు ఏటవాలు. మెదడు కళ్ల పైన కాదు, వాటి వెనక. అనుభవజ్ఞులు చెప్పేదల్లా ముట్టె కనబడే చోటికి గురిపెట్టి, అది ఆగేదాకా కాలుస్తూనే ఉండాలని. చాలా దాడులు బెదిరింపు పరుగులే, కొన్ని మీటర్ల దూరంలో ఆగి వెనక్కి మళ్లుతాయి. గాయపడ్డ ఎలుగు మళ్లదు. ఎప్పుడు కాల్చకూడదో తెలియడం తుపాకీ కన్నా కష్టమైన విద్య.

అన్నిటికన్నా ఎక్కువ తంటా ఒర దగ్గర. నడుముకు కుడివైపు కట్టుకుంటే వీపు సంచి నడుం పట్టీ దాని మీదికి వస్తుంది. సంచి లోపల పెడితే లేనట్టే లెక్క. సంచి పట్టీకే తగిలిస్తే, సంచి దించి ఎల్క్‌ను కోయడానికి కూర్చున్నప్పుడు తుపాకీ సంచితోనే ఉండిపోతుంది. టీటాన్‌లో జరిగింది దాదాపు అదే. అందుకని అలాస్కా చేపల గైడ్లు మొదటి నుంచీ వాడే రొమ్ము ఒర వైపు అందరూ మొగ్గారు. భుజాల మీదుగా పట్టీలతో రొమ్ము మధ్యలో, పిడి కుడి చేతికి అందేలా ఏటవాలుగా ఉంటుంది. సంచి దించినా ఒంటి మీదే ఉంటుంది. కూర్చున్నా, వంగినా, వెల్లకిలా పడినా అందుతుంది.

కాని చేపల గైడుకు లేని చిక్కు బాణం వేటగాడికి ఉంది. కుడిచేతి వాటం వాడు ఎడమ చేత విల్లు చాచి, కుడి చేత నారి లాగి దవడకు ఆనిస్తాడు. నారి ఎడమ రొమ్మును రాసుకునేంత దగ్గరగా వస్తుంది. అక్కడ పిస్టల్ పిడో, ఒర అంచో ఒక అంగుళం ఎత్తుగా ఉంటే వదిలిన నారి దాన్ని తాకుతుంది. బాణం ఎటో పోతుంది. రొమ్ము మీద అప్పటికే బైనాక్యులర్ల సంచి కూడా ఉంటుంది. అందుకే చాలామంది పిస్టల్‌ను ఆ సంచి కింద, పొట్ట పైభాగాన, కుడివైపుకు జరిపి అడ్డంగా కట్టుకుంటున్నారు. దుకాణంలో టీషర్టు మీద తొడిగి చూసుకుంటే సరిపోదు. వేటలో వేసుకునే చలికోటు, సంచి, బైనాక్యులర్లు అన్నీ తగిలించుకుని, విల్లు పూర్తిగా లాగి, నిలబడీ మోకాళ్ల మీదా నాలుగు బాణాలు వేసి చూస్తేనే తెలుస్తుంది.

ఇంకొకటి దాదాపు ఎవరికీ ముందుగా తట్టదు. నారిని ఇప్పుడు వేళ్లతో లాగేవాళ్లు తక్కువ. కుడి మణికట్టుకు పట్టీ కట్టి, దానికి వేలాడే చిన్న లోహపు కొక్కేన్ని నారికి తగిలిస్తారు. దాన్నే రిలీజ్ అంటారు. పిస్టల్ పట్టాల్సిన చెయ్యి కూడా అదే. కంగారులో పిడి అందుకుంటే ఆ కొక్కెం అరచేతికీ పిడికీ మధ్య ఇరుక్కోవచ్చు, లేదా ట్రిగ్గర్ దగ్గర అడ్డు తగలొచ్చు. వాడనప్పుడు మణికట్టు వెనక్కి మడిచి పెట్టుకునే రకమో, పట్టీ లేకుండా చేత్తో పట్టుకునే రకమో దీనికి విరుగుడు. ఎడమ చేతిలోని విల్లును వెంటనే వదిలెయ్యడం కూడా సాధన చేస్తే తప్ప రాదు. లక్షల రూపాయల విల్లును రాళ్ల మీద పడెయ్యడానికి చెయ్యి మొదటిసారి ఒప్పుకోదు.

సాధన అంటే నిలబడి కాగితానికి చిల్లులు పెట్టడం కాదు. తెలిసినవాళ్లు చేసేది ఇలా ఉంటుంది: చెక్కబండి మీద పళ్లెమంత అట్టముక్క నిలబెట్టి, పొడవాటి తాడుతో పక్కనుంచి ఇంకొకరు లాగుతారు. బండి ఎగుడుదిగుడు నేల మీద గంతులేస్తూ కదులుతుంది. విల్లు పట్టుకుని నిలబడినవాడు దాన్ని వదిలేసి, పిస్టల్ దూసి, రెండు సెకన్లలో ఆ అట్టకు తగిలించాలి. దూరం పది మీటర్లు మించదు. మొదట ఖాళీ తుపాకీతో ఇంట్లో వందసార్లు దూయడం నేర్చుకున్నాకే ఇక్కడికి రావాలి. వేసవిలో కాల్చినవాడికి సెప్టెంబరులో చేతి తొడుగులతో దూయడం కొత్తగా ఉంటుంది కాబట్టి తొడుగులతోనూ చెయ్యాలి.

చట్టం రాష్ట్రానికో తీరు. బాణం వేటకు కేటాయించిన రోజుల్లో తుపాకీ వెంట ఉండడమే నేరంగా ఉన్న రాష్ట్రాలు ఒకప్పుడు చాలానే ఉండేవి. ఎలుగుల రాష్ట్రాల్లో ఇప్పుడు ఆత్మరక్షణకు ఒప్పుకుంటారు, వేట జంతువు మీద వాడితే మాత్రం ఒప్పుకోరు. కెనడాలో చేతి తుపాకీ కట్టుకుని అడవికి వెళ్లే అనుమతి ఉచ్చులు పెట్టి జీవించేవాళ్లలాంటి కొద్దిమందికే. మామూలు వేటగాడికి దొరకదు. 2022 అక్టోబరు నుంచి అక్కడ వాటి అమ్మకాలే ఆపేశారు. బ్రిటిష్ కొలంబియాలో విల్లు పట్టేవాళ్లు స్ప్రే మీదో, తోటివాడి పొడవు తుపాకీ మీదో ఆధారపడతారు. భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేటే నిషేధం కాబట్టి ఈ ప్రశ్నే లేదు. అమెరికాలో ఉద్యోగ వీసా, విద్యార్థి వీసాల మీద ఉన్న తెలుగువాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. వలసేతర వీసాదారుల దగ్గర తుపాకీ గాని తూటా గాని ఉండడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. స్నేహితుడి తుపాకీ కాసేపు పట్టుకున్నా లెక్కలోకి వస్తుంది. విమానంలో వెళ్లేటప్పుడు తమాషా ఇంకోటి: తూటాలు తీసేసి తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, ముందుగా చెబితే పిస్టల్‌ను సామానులో పంపొచ్చు, బేర్ స్ప్రేను మాత్రం సామానులోనూ ఒప్పుకోరు, దిగాక కొనుక్కోవాల్సిందే.

కాల్చాక కూడా పని ఉంటుంది. అలాస్కా మినహా మిగతా రాష్ట్రాల్లో గ్రిజ్లీ 1975 నుంచి రక్షిత జంతువు. ప్రాణం కాపాడుకోవడానికి చంపితే తప్పు లేదు గాని, 5 రోజుల్లోగా ఫెడరల్ వన్యప్రాణి అధికారులకు తెలియజెయ్యాలి. వాళ్లు ఆ చోటికి వచ్చి, ఖాళీ తూటా తొడుగులు ఎక్కడ పడ్డాయో, ఎలుగు ఎంత దూరంలో పడిందో కొలుస్తారు. అలాస్కాలో నివేదికకు 15 రోజుల గడువు. అంతకు ముందు చంపినవాడే దాని తోలు గోళ్లతో సహా ఒలిచి, కపాలంతో పాటు రాష్ట్ర వేట శాఖకు అప్పగించాలి. అవి ప్రభుత్వ ఆస్తి. తడి తోలు బరువు పెద్ద ఎలుగుదైతే మోయలేనంత ఉంటుంది, అప్పటికి ఎల్క్‌నో దుప్పినో మోసుకెళ్లే పని కూడా మిగిలే ఉంటుంది.